పెద్ద టర్బో వేస్తే బండి లాగుతుందా?

మా మావయ్యకి ఒక ట్రైలర్ ఉంది. 2013 మోడల్, బీఎస్-3 బండి, లోపల 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్, 180 హార్స్‌పవర్. స్టీల్ ప్లాంట్ నుంచి వైర్ రాడ్ కాయిల్స్ ఎక్కించుకుని సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి జైపూర్, జగదల్‌పూర్ వైపు వెళ్తుంది. లోడు లేని రోజుల్లో పోర్టులో ఏది దొరికితే అది. మొన్న వేసవి సెలవుల్లో మావయ్య ఇంటికొచ్చి, టీ కూడా తాగకుండా అడిగిన ప్రశ్న ఇదీ: "ఒరే, నువ్వు ఇంజనీరింగే కదా చదువుతున్నావు. బండికి పెద్ద టర్బో వేయిస్తే ఘాట్‌లో లాగుతాదేటి?"

నేను చదివేది కంప్యూటర్ సైన్స్ అని మావయ్యకి తెలుసు. కానీ మా ఇంట్లో ఇంజనీరింగ్ అంటే ఫ్యాన్ దగ్గర్నుంచి రాకెట్ దాకా అన్నీ వచ్చేయాలి.

గాజువాక ఆటోనగర్‌లో ఒక మెకానిక్ దగ్గర పెద్ద సైజు సెకండ్ హ్యాండ్ టర్బో ఉందట. దాన్ని బిగించి, పంపులో డీజిల్ పెంచితే 220 హార్స్‌పవర్ వస్తుందన్నాడట. అంతా కలిపి నలభై ఐదు వేలు. రెండు నెలల ఫైనాన్స్ కిస్తీ వెనకపడి ఉన్న మనిషికి నలభై ఐదు వేలు చిన్న మాట కాదు. మావయ్య బాధ కూడా అబద్ధం కాదు. ఘాట్‌లో ఒకప్పుడు మూడో గేర్‌లో ఎక్కిన వంపు ఇప్పుడు రెండో గేర్ అడుగుతోంది, పైపెచ్చు నల్లటి పొగ. 2018లో యాక్సిల్ బరువు పరిమితులు పెంచాక కొత్త బండ్లు ఎక్కువ టన్నులు వేసుకుని పక్కనుంచి దాటిపోతున్నాయి. టన్నుకింత అని కిరాయి ఇచ్చే చోట అది కళ్ళముందే డబ్బు దాటిపోవడం.

నాకు టర్బో గురించి అప్పటికి తెలిసిందల్లా యూట్యూబ్. అమెరికాలో ట్రక్ పుల్లింగ్ అని ఒక ఆట ఉంది. బరువు పెట్టిన స్లెడ్‌ని పికప్ ట్రక్కుకి కట్టి మట్టి ట్రాక్ మీద లాగిస్తారు. బండి ముందుకు వెళ్ళేకొద్దీ స్లెడ్ మీది బరువు పెట్టె ముందుకు జరుగుతూ వస్తుంది, నేలకి ఒత్తిడి పెరుగుతుంది, చివరికి బండి ఆగిపోతుంది. మామూలుగా 300 అడుగులు లాగితే ఫుల్ పుల్. సరదా ఏంటంటే, ఆ ఆటలో బాగా పేరున్న ఇంజన్లలో ఒకటి 1989 నుంచి 2007 దాకా డాడ్జ్ రామ్ పికప్‌లలో వచ్చిన 5.9 కమిన్స్. అంటే మా మావయ్య బండిలోని ఇంజన్ కుటుంబమే! వాళ్ళు దానికి దబరగిన్నె అంత టర్బో బిగించి ఆకాశానికి పొగ చిమ్ముతుంటే, మావయ్యకి వేస్తే తప్పేంటి అనే నాకూ అనిపించింది. వారం రోజులు చదివాక, కాస్త పైథాన్‌లో లెక్క కట్టాక, అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు టర్బో చేసే పని. డీజిల్ మండాలంటే గాలి కావాలి. ఒక కేజీ డీజిల్ పూర్తిగా మండడానికి లెక్క ప్రకారం పద్నాలుగున్నర కేజీల గాలి చాలు గానీ, సిలిండర్‌లో రెండూ కలవడానికి దొరికే టైమ్ చాలా తక్కువ. అందుకే పొగ రాకుండా ఉండాలంటే పాతిక కేజీలో, ఇంకా ఎక్కువో ఇవ్వాలి. సిలిండర్ సైజు మారదు కాబట్టి, ఎక్కువ గాలి పట్టించాలంటే నొక్కి పట్టించాలి. కొలిమి దగ్గర తిత్తి ఊదినట్టే. మన స్టీల్ ప్లాంట్‌లో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న బ్లాస్ట్ ఫర్నేస్‌లకి కూడా కింద నుంచి గాలి బలంగా ఊదాల్సిందే. తేడా ఏంటంటే, టర్బోలో తిత్తిని తొక్కేది మనిషీ కాదు, మోటారూ కాదు. ఇంజన్ వదిలేసిన వేడి పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీద రెండో వైపున్న చక్రం గాలిని పీల్చి నొక్కుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. పొగ ఎక్కువుంటే గాలి ఎక్కువ, గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండుతుంది, మళ్ళీ పొగ ఎక్కువ. మన భాషలో చెప్పాలంటే ఫీడ్‌బ్యాక్ లూప్. దాని మొదటి చుట్టు మొదలవడానికి పట్టే ఆలస్యమే టర్బో ల్యాగ్.

ఇప్పుడు లెక్క. 180 హార్స్‌పవర్ అంటే సుమారు 132 కిలోవాట్లు. ఇలాంటి డీజిల్ ఇంజన్ ఒక కిలోవాట్ గంటకి 210 గ్రాముల డీజిల్ తింటుందనుకుంటే, ఫుల్ లోడ్‌లో గంటకి దాదాపు 28 కేజీలు. కేజీకి 28 కేజీల గాలి చొప్పున నిమిషానికి 13 కేజీల గాలి కావాలి. ఇంజన్ 2500 ఆర్‌పీఎం దగ్గర ఎంత గాలి మింగగలదు? నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి 5.9 లీటర్లు. పూర్తిగా నిండదు, 90 శాతం వేసుకుందాం. నిమిషానికి 6.6 ఘనపు మీటర్లు వస్తుంది. ఆ చోటులో 13 కేజీలు ఇరికించాలంటే, ఇంటర్‌కూలర్‌లో చల్లబడ్డాక కూడా, మానిఫోల్డ్‌లో బయటి గాలి మీద 0.85 బార్ అదనపు ఒత్తిడి ఉండాలి. దారిలో పోయే నష్టాలు కలిపితే కంప్రెసర్ గాలిని రెండు రెట్లు నొక్కాలి. దీన్నే ప్రెషర్ రేషియో 2 అంటారు. అదే 220 హార్స్‌పవర్‌కి అయితే నిమిషానికి దాదాపు 16 కేజీల గాలి, రేషియో 2.4.

ఈ రెండు అంకెలూ, అంటే ఎంత గాలి, ఎన్ని రెట్లు అన్నవి చేతిలో ఉంటే కంప్రెసర్ మ్యాప్ చదవొచ్చు. టర్బో తయారుచేసేవాళ్ళు ప్రతి మోడల్‌కీ ఒక మ్యాప్ ఇస్తారు. అడ్డంగా గాలి పరిమాణం, నిలువుగా ప్రెషర్ రేషియో. మధ్యలో ఉంగరాల్లాంటి గీతలు. హుద్‌హుద్ రోజుల్లో టీవీలో చూసిన తుపాను మ్యాప్ గుర్తుందా? అచ్చం అలాగే ఉంటుంది. నట్టనడుమ ఉంగరంలో కంప్రెసర్ బాగా పని చేస్తుంది, 75 శాతం దాకా ఎఫిషియెన్సీ. బయటికి పోయేకొద్దీ తగ్గుతుంది. కుడి అంచు దాటితే గాలి ఇక పట్టదు, ఇరుసు మాత్రం విపరీతంగా తిరుగుతుంది. ఎడమ అంచు ఇంకా చెడ్డది, దాన్ని సర్జ్ లైన్ అంటారు. నొక్కిన గాలి ముందుకు పోవడానికి దారిలేక వెనక్కి తంతుంది. చక్రం దడదడలాడుతుంది, బేరింగ్ పోతుంది.

ఎఫిషియెన్సీ తగ్గితే ఏమవుతుంది అంటే, గాలి బదులు వేడి తయారవుతుంది. విశాఖ ఎండలో 35 డిగ్రీల గాలిని 2.4 రెట్లు నొక్కితే, 72 శాతం ఎఫిషియెన్సీ ఉన్న కంప్రెసర్ నుంచి 157 డిగ్రీలతో బయటికొస్తుంది. 60 శాతానికి పడిపోతే 181 డిగ్రీలు. వేడి గాలి వ్యాకోచిస్తుంది, కాబట్టి గేజ్ మీద ఒత్తిడి కనిపిస్తూనే ఉంటుంది గానీ లోపల ఉన్న గాలి తక్కువ. బూస్ట్ గేజ్ చూసి సంబరపడేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

సరే, 16 కేజీల దగ్గర మంచి ఉంగరంలో కూర్చునే పెద్ద టర్బోనే తీసుకుందాం, తప్పేముంది? తప్పు 2500 ఆర్‌పీఎం దగ్గర లేదు. 1300 దగ్గర ఉంది. అక్కడ ఇంజన్ మింగే గాలి ఘనపరిమాణం దాదాపు సగానికి పడిపోతుంది, పొగ కూడా అంతే తగ్గుతుంది. పెద్ద టర్బైన్‌ని తిప్పడానికి ఆ పొగ చాలదు. తోటకి నీళ్ళు పట్టేటప్పుడు పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్ళు జోరుగా దూరం పోతాయి కదా, టర్బైన్ హౌసింగ్ పని అదే. దాని గొంతు ఎంత ఇరుకో చెప్పే అంకెని ఏ బై ఆర్ అంటారు. గొంతు ఇరుకైతే తక్కువ పొగతోనే చక్రం లేస్తుంది, కానీ పై ఆర్‌పీఎంలలో ఇంజన్‌కి ఊపిరాడదు. గొంతు వెడల్పైతే పైన బాగుంటుంది, కింద చక్రం నిద్రపోతుంది. ఆ నిద్రలో ఉన్నప్పుడు పంపు మాత్రం పెంచిన డీజిల్ పోస్తూనే ఉంటుంది. గాలి లేని డీజిల్ అంటే నల్లపొగ, దాంతోపాటు ఎగ్జాస్ట్ వేడి. టర్బోకి ముందు వేడి 700 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంటే అల్యూమినియం పిస్టన్లకి మంచిది కాదు. ఘాట్‌లో లోడు బండికి "ఎక్కువసేపు" అంటే అరగంట.

పుల్లింగ్ వీడియోలు మళ్ళీ చూశాను, ఈసారి చక్రాలు కాదు, డ్రైవర్ ఏం చేస్తున్నాడో. కదలకముందే ఇంజన్‌ని పై ఆర్‌పీఎంకి తెచ్చి టర్బోని లేపి పెట్టుకుంటాడు. తర్వాత ఒకే గేర్. పది పదిహేను సెకన్లు. అయిపోయింది. ఆ ఇంజన్ కింది ఆర్‌పీఎం మొహమే చూడదు. పైగా వాళ్ళ పోటీ రూల్సే సైజు దగ్గర కొట్టుకుంటాయి. 2.6 క్లాస్ అని ఒకటుంది, కంప్రెసర్ చక్రం గాలి పీల్చే మూతి 2.6 అంగుళాలు, అంటే 66 మిల్లీమీటర్లు దాటకూడదు.

మావయ్య బండి సంగతి వేరు. గేర్ మార్చినప్పుడల్లా ఆర్‌పీఎం పడిపోతుంది. గేర్ల మధ్య నిష్పత్తి 1.6 ఉందనుకుంటే, 2000 దగ్గర మార్చిన మనిషి తర్వాతి గేర్‌లో 1250 దగ్గర తేలతాడు. అక్కడ టర్బో లేవకపోతే బండి ఇంకా నెమ్మదిస్తుంది, మళ్ళీ కింది గేర్. హెయిర్‌పిన్ వంపులో 40 టన్నులతో గేర్ దొరక్క బండి వెనక్కి జారడం అంటే ఏంటో మావయ్యని అడగాలి. నేను ఒకసారి క్లీనర్ సీట్లో కూర్చుని చూశాను. మళ్ళీ చూడాలని లేదు.

లారీ టర్బోని ఎంచుకోవాల్సింది గరిష్ఠ హార్స్‌పవర్ దగ్గర కాదు, గేర్ మార్చాక ఆర్‌పీఎం పడే చోట అని నాకు అప్పుడు అర్థమైంది.

మా ఎదురింటి తాతగారు మర్రిపాలెం డీజిల్ లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యారు. ఆయన ముందు ఈ లెక్కంతా వల్లిస్తే నవ్వి, "మేం చేసిందే కదరా బాబూ ఇది" అన్నారు. డబ్ల్యూడీఎం-2 అని ఆల్కో ఇంజన్, 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. విద్యుత్ రాకముందు కొత్తవలస-కిరండూల్ లైనులో బైలదిల్లా ఖనిజాన్ని మోసినవి డీజిల్ ఇంజన్లే. 1990ల్లో అదే 16 సిలిండర్ల ఇంజన్‌ని 3100కి పెంచారు, దాన్నే తర్వాత డబ్ల్యూడీఎం-3ఏ అన్నారు. అంటే దాదాపు 19 శాతం పెంపు, మావయ్య అడుగుతున్న 22 శాతానికి దగ్గర్లోనే. "టర్బో ఒక్కటే మార్చేశారనుకుంటున్నావేటి?" అని ఆయన వేళ్ళు ముడిచారు. ఎఫిషియెన్సీ ఎక్కువున్న కొత్త టర్బోలు ఏబీబీ, నేపియర్ లాంటి కంపెనీలవి వచ్చాయి. వాటితోపాటు పెద్ద ఆఫ్టర్‌కూలర్, 15 మిల్లీమీటర్ల బదులు 17 మిల్లీమీటర్ల ప్లంజర్ ఉన్న ఫ్యూయల్ పంపులు, గట్టి క్యామ్‌షాఫ్ట్, స్టీల్ క్యాప్ పిస్టన్లు. అన్నీ కలిస్తేనే 3100.

ఇంకో సంగతి ఆయన చెప్పాకే నాకు వెలిగింది. రైలింజన్‌లో డీజిల్ ఇంజన్ చక్రాలకి నేరుగా కలిసి ఉండదు. అది జనరేటర్‌ని తిప్పుతుంది, కరెంటు మోటార్లు చక్రాలని తిప్పుతాయి. కాబట్టి రైలు పది కిలోమీటర్ల స్పీడులో ఘాట్ ఎక్కుతున్నా, ఇంజన్ తనకి నచ్చిన ఆర్‌పీఎంలో, టర్బో తన మంచి ఉంగరంలో ఉండొచ్చు. ఇద్దరూ ఘాట్ ఎక్కేవాళ్ళే, కానీ ఆ సుఖం లారీకి లేదు.

అయినా మావయ్య ఒప్పుకోలేదు. "లెక్కలు సరే, టైమెంత కలిసొస్తాదో అది సెప్పు" అన్నాడు. ఇది మంచి ప్రశ్న, నేనే ముందు వేసుకోవాల్సింది. 40 టన్నుల బండి, నూటికి ఐదు ఎక్కే వాలు, టైర్ల రాపిడి కొంచెం. ఇంజన్ నుంచి చక్రాలకి 88 శాతం చేరుతుందనుకుందాం. 180 హార్స్‌పవర్‌తో అలాంటి వాలులో గరిష్ఠంగా గంటకి 18 కిలోమీటర్లు వస్తుంది. 220తో 22. పది కిలోమీటర్ల ఎక్కుడులో మొదటిది 33 నిమిషాలు, రెండోది 27. ఆదా ఆరు నిమిషాలు. అదీ ఇంజన్ మొత్తం దారి గరిష్ఠ పవర్ దగ్గరే ఉంటే. ఆ ఆరు నిమిషాల కోసం పంపు గంటకి 22 శాతం ఎక్కువ డీజిల్ పోయాలి, గేర్‌బాక్స్, క్లచ్ ఆ బరువు మోయాలి. పైగా తయారీదారు చెప్పిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. ఫిట్‌నెస్‌కి పోయిన రోజు ఆ పొగకి సమాధానం చెప్పాల్సింది మెకానిక్ కాదు, మావయ్యే.

ఆరు నిమిషాలు అనగానే మావయ్య మొహం మారింది. నాకైతే వేరే అనుమానం వచ్చింది. 180తో 18 రావాలి అని లెక్క చెబుతోంది. మావయ్య మాత్రం వంపుల్లో పదీ పన్నెండూ అంటున్నాడు. అంటే ఇప్పుడు బండిలో 180 ఎక్కడుంది?

మర్నాడు ఆటోనగర్‌కి వెళ్ళి, వేరే మెకానిక్ చేత మానిఫోల్డ్‌కి ఒక ప్రెషర్ గేజ్ పెట్టించాం. లోడు బండితో షీలానగర్ పోర్టు రోడ్డులో యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కితే, 0.85 చూపించాల్సిన ముల్లు సగం దాటి పైకి లేవలేదు. వెనక్కొచ్చి సబ్బు నీళ్ళు పోస్తే ఇంటర్‌కూలర్ రబ్బరు హోస్ క్లాంపు దగ్గర బుడగలు. ఎయిర్ ఫిల్టర్ తీసి నేలకి కొడితే కాలి దగ్గర బొగ్గు పొడి కుప్ప. పోర్టు లోడ్ల ప్రసాదం. ఫిల్టర్ మూసుకుపోతే కంప్రెసర్ ముందున్న గాలే పలచబడుతుంది, ఘాట్ మీద అసలే గాలి పలచన. 900 మీటర్ల ఎత్తులో, అంటే ఇంచుమించు కోరాపుట్ దగ్గర, గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ. టర్బో ఆ లోటు పూడ్చడానికి ఇంకా వేగంగా తిరుగుతుంది, నొక్కిన గాలేమో చిరిగిన హోస్‌లోంచి రోడ్డు మీదకి పోతోంది.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. టర్బో విప్పి ఇరుసుని వేళ్ళతో కదిపితే ముందుకీ వెనక్కీ ఆడుతోంది. కంప్రెసర్ రెక్కల అంచులు దుమ్ముకి అరిగి మొద్దుబారాయి. కాబట్టి టర్బో ఎలాగూ మార్చాలి. ఏ సైజు? నా పైథాన్ ప్రోగ్రామ్‌లో రెండూ పెట్టి చూశాను, చిన్న తేడాతో కంప్రెసర్ మాత్రం కొంచెం పెద్దది, టర్బైన్ హౌసింగ్ పాతదే ఉన్నది కూడా పెట్టాను. కాగితం మీద ఆ మూడోది అందంగానే ఉంది. కానీ దాన్ని వాడుకోవాలంటే మళ్ళీ పంపు ముట్టుకోవాలి. చివరికి కంపెనీ పార్ట్ నంబరుతో అదే సైజు కొత్తది, రెండు హోసులు, ఫిల్టరు. ఆ నలభై ఐదు వేలలో కొంత మిగిలింది, అది కిస్తీకి పోయింది. గేజ్ మాత్రం డాష్‌బోర్డు మీద ఉంచేయమన్నాను. ఘాట్ దిగాక, ఎక్కాక, ఇంజన్ వెంటనే ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో వదలమని కూడా చెప్పాను. ఎర్రగా కాలిన టర్బోకి ఆయిల్ ఆగిపోతే బేరింగ్‌లోనే ఆయిల్ మాడిపోతుంది. "అది నాకు తెలుసులేరా" అన్నాడు. తెలిస్తే చేసేవాడు కాదేంటి అని అత్తయ్య.

మొదటి ట్రిప్‌లో సుంకి దాటాక రాత్రి పదకొండింటికి ఫోన్. "మూడులోనే ఎక్కేసిందిరా. ముల్లు తొమ్మిది గీత మీద నిలబడిపోయింది." వెనకాల ఇంజన్ ఐడిల్‌లో తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక నిమిషం ఆగి మళ్ళీ అడిగాడు, "మరి ఆ పెద్దది వేస్తే ఎంతుండేదంటావు?"